సింక్ ఉంది కదా అని డిలీట్ చేశాడు: మా అవ్వ గొంతు ఎట్లా పోయింది, ఎట్లా దొరికింది

(ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్. వీడియోలో మాట్లాడిన మాటలే, చదవడానికి వీలుగా కొంచెం సర్దాం.)

ఈ రోజు ఎపిసోడ్ స్టూడియోలో కాదు, పుంగనూరులో మా ఇంట్లోనే షూట్ చేస్తున్నా. నా వెనక బీరువా కనిపిస్తోంది కదా, దాని మీద ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది చూడండి. 2015లో నేను బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో చేరినప్పుడు నాయన అప్పు చేసి కొనిచ్చింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జర్ పెడితేనే ఆన్ అవుతుంది. కీబోర్డ్‌లో రెండు బటన్లు లేవు.

2024 సెప్టెంబర్‌లో ఒక రోజు దాన్ని కిందికి దించాను. ఆన్ చేసే ముందు ఏం చేశానో తెలుసా? ఇంట్లో వైఫై రౌటర్ ప్లగ్ పీకేశాను. ఇంట్లో ఉన్న అందరి ఫోన్లలో హాట్‌స్పాట్ ఆఫ్ చేయించాను. అమ్మకి అర్థం కాలేదు. "కంప్యూటర్‌కి కరెంట్ కావాల గానీ, నెట్ ఎందుకు పీకతా ఉండావు రా?" అని అడిగింది.

అమ్మ అడిగిన ఆ ప్రశ్నకి జవాబే ఈ ఎపిసోడ్. చివరిదాకా ఉండండి. మీ ఫోన్‌లో ఉన్న ఫోటోలు, వాయిస్ రికార్డులు, నోట్స్ అన్నిటికీ ఇది పనికొస్తుంది.

ముందు కథ ఏంటో చెప్తా

2021 లాక్‌డౌన్‌లో నేను బెంగళూరు నుంచి వచ్చి ఇంటి నుంచే పని చేస్తున్నా. సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేశాక అవ్వ దగ్గర కూర్చునేవాడిని. అవ్వ కతలు చెప్పేది. చెనక్కాయలు ఒలిచేటప్పుడు పాడుకునే పాటలు, ఊర్లో ఎవరికి ఎవరు ఏమవుతారు, ఏ ఏడు వానలు పడలేదు, అన్నీ. నేను ఫోన్‌లో రికార్డ్ చేసేవాడిని. ఆ తర్వాత కూడా పండగకి ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో చేశాను. మొత్తం 43 ఫైళ్ళు అయ్యాయి.

వాటిని ఒక క్లౌడ్ యాప్‌లో పెట్టాను. ఫోల్డర్ పేరు "అవ్వ". అది మా ఇంటి మొత్తానికి కామన్ ఫోల్డర్. నా ఫోన్, నా ఆఫీస్ తర్వాత కొన్న ల్యాప్‌టాప్, పుంగనూరు ఇంట్లో ఈ పాత ల్యాప్‌టాప్, మదనపల్లె టమోటా మార్కెట్‌లో మా మామ మండీ కంప్యూటర్, కుప్పంలో బీటెక్ చదివే మా తమ్ముడి ల్యాప్‌టాప్. ఐదు చోట్ల ఒకే ఫోల్డర్. ఒక చోట ఫైల్ వేస్తే అన్ని చోట్లా కనిపిస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ వాడిని కదా, "ఐదు కాపీలు ఉన్నాయి, ఇంక భయం లేదు" అని ధీమాగా ఉన్నాను.

అవ్వ 2023లో పోయింది.

ఏడాది తర్వాత సంవత్సరికానికి అందరం ఇంట్లో చేరాం. రాత్రి భోజనాలు అయ్యాక అమ్మ, "అవ్వ మాటలు ఉండాయి గదా, పెట్టు రా విందాం" అంది. ఫోన్ తీసి ఫోల్డర్ తెరవబోయాను. ఫోల్డరే లేదు. ల్యాప్‌టాప్‌లో చూశాను, లేదు. మామకి చెప్తే మండీ కుర్రోడికి ఫోన్ చేసి చూడమన్నాడు, అక్కడా లేదు. తమ్ముడి మొహం చూశాను. వాడు తల దించుకున్నాడు.

ఏం జరిగిందంటే, జూన్‌లో వాడి ప్రాజెక్ట్ సబ్మిషన్. ల్యాప్‌టాప్‌లో జాగా అయిపోయింది. పెద్ద ఫోల్డర్లు ఏమున్నాయో చూసి, "ఇది క్లౌడ్‌లో ఉంది కదా, అన్న దగ్గర కూడా ఉంది కదా, నా దాంట్లో తీసేస్తే ఏమవుతుంది" అనుకుని డిలీట్ కొట్టాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు. ఆ యాప్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంచుతుంది. మేము చూసేసరికి మూడు నెలలు.

వాడు చేసింది తప్పే. కానీ వాడికి ఆ నమ్మకం ఇచ్చింది నేనే. "సింక్ ఉంది, ఏం భయం లేదు" అని ఇంట్లో అందరికీ చెప్పింది నేనే. అందుకే ఈ ఎపిసోడ్ నేను చేయాలి అనిపించింది.

సింక్ అంటే అసలు ఏంటి

సింక్ అంటే, రెండు మూడు చోట్ల ఉన్న డేటాని ఒకేలా ఉంచడం. అంతే. ఆ "ఒకేలా" అనే మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఇది పుట్టింది ఒక మామూలు చిరాకు నుంచి. డ్రాప్‌బాక్స్ పెట్టిన డ్రూ హ్యూస్టన్, బాస్టన్ నుంచి న్యూయార్క్ పోయే బస్ ఎక్కి, పెన్ డ్రైవ్ ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చి, ఆ బస్‌లోనే కోడ్ రాయడం మొదలుపెట్టానని చెప్తాడు. కంపెనీ 2007లో మొదలైంది. పెన్ డ్రైవ్ మర్చిపోవడం మనందరికీ తెలిసిన బాధే. సెమినార్ రోజు పీపీటీ ఉన్న పెన్ డ్రైవ్ హాస్టల్‌లో, మనం కాలేజ్‌లో.

ఇప్పుడు మనం రోజూ సింక్ వాడుతున్నాం, గమనించం అంతే. ఫోన్‌లో కాంటాక్ట్ సేవ్ చేస్తే కొత్త ఫోన్‌లో అదే వస్తుంది. యూట్యూబ్‌లో సగం చూసిన వీడియో టీవీలో అక్కడి నుంచే మొదలవుతుంది. వాట్సాప్‌ని ఒక ఫోన్‌తో పాటు ఇంకో నాలుగు డివైస్‌లలో వాడుకోవచ్చు. ఇదంతా సింకే.

లోపల ఎట్లా పని చేస్తుంది

ఇది మండీ లెక్కతో చెప్తా, ఈజీగా అర్థమవుతుంది.

మామ దగ్గర ఒక చిట్టా ఉంది, నాయన దగ్గర ఒక చిట్టా ఉంది. వారానికి ఒకసారి ఇద్దరూ కూర్చుని రెండూ సరిచూసుకుంటారు. ఈ వారం చూస్తే మామ చిట్టాలో ఒక రైతు పేరు ఉంది, నాయన చిట్టాలో లేదు. దీని అర్థం ఏంటి? రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, మామ ఈ వారం కొత్తగా రాశాడు. రెండు, ఇద్దరి దగ్గరా ముందే ఉంది, నాయన లెక్క తీరిపోయిందని కొట్టేశాడు. మొదటిదైతే నాయన కూడా రాసుకోవాలి. రెండోదైతే మామ కూడా కొట్టేయాలి. ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు. రెండు చిట్టాలూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఇది తేలదు.

తేలాలంటే మూడో కాగితం కావాలి. "పోయిన వారం సరిచూసుకున్నప్పుడు ఏమేమి ఉన్నాయి" అనే లిస్ట్. అందులో ఆ రైతు పేరు ఉంటే, నాయన కొట్టేశాడని అర్థం. లేకపోతే, మామ కొత్తగా రాశాడని అర్థం.

సింక్ యాప్‌లు చేసేది సరిగ్గా ఇదే. మీ ఫైళ్ళతో పాటు, చివరిసారి అన్నీ కలిసినప్పుడు ఎట్లా ఉన్నాయో ఒక లిస్ట్ దాచుకుంటాయి. దానితో పోల్చి ఏది కొత్త, ఏది మారింది, ఏది పోయింది అని తేలుస్తాయి.

ఫైల్ మారిందో లేదో ఎట్లా తెలుస్తుంది? మొత్తం చదివి పోల్చాలంటే నెట్ అంతా దానికే అయిపోతుంది. అందుకే ప్రతి ఫైల్‌కీ ఒక వేలిముద్ర తీస్తారు. దాన్ని హ్యాష్ అంటాం. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ఎంత పెద్ద ఫైల్ ఇచ్చినా 64 అక్షరాల కోడ్ వస్తుంది. ఫైల్‌లో ఒక్క కామా మార్చినా ఆ కోడ్ మొత్తం మారిపోతుంది. కాబట్టి కోడ్‌లు పోల్చితే చాలు.

ఇంకో తెలివైన పని కూడా ఉంది. 100 ఎంబీ ఫైల్‌లో ఒక పేరా మారితే మళ్ళీ 100 ఎంబీ పంపాలా? అక్కర్లేదు. ఫైల్‌ని ముక్కలు చేసి, మారిన ముక్కలే పంపొచ్చు. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనే ఇద్దరు ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో ఈ పని చేసి చూపించారు. సర్వర్ల మీద పని చేసే ఇంజనీర్లు దాన్ని ఈ రోజుకీ వాడుతున్నారు. బెంగళూరు నుంచి కుప్పం ట్రైన్‌లో సిగ్నల్ వచ్చీ పోయీ ఉన్నప్పుడు కూడా మీ నోట్స్ అప్‌డేట్ అవుతున్నాయంటే, ఇట్లాంటి పొదుపు వల్లే.

డిలీట్ కూడా ఒక మెసేజే

ఇప్పుడు అసలు పాయింట్. చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది.

మనం డిలీట్ అంటే "లేకుండా పోవడం" అనుకుంటాం. సింక్ దృష్టిలో డిలీట్ అంటే లేకుండా పోవడం కాదు, అదొక కొత్త సమాచారం. "ఈ ఫైల్‌ని ఫలానా డివైస్‌లో తీసేశారు, మీరూ తీసేయండి" అనే ఆర్డర్. ఇంజనీర్లు దీన్ని టూంబ్‌స్టోన్ అంటారు, అంటే సమాధి రాయి. ఫైల్ పోయిన చోట ఒక రాయి పాతినట్టు. ప్రతి డివైస్ నెట్‌కి వచ్చి ఆ రాయిని చూసి, తన దగ్గర ఉన్న కాపీని కూడా తీసేస్తుంది.

ఆ రాయి లేకపోతే ఏమవుతుంది? మీరు డిలీట్ చేసిన ఫైల్, వారం రోజులు ఆఫ్‌లో ఉన్న ఇంకో డివైస్ ఆన్ కాగానే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. కాసాండ్రా అని పెద్ద పెద్ద కంపెనీలు వాడే డేటాబేస్ ఒకటుంది. అందులో ఈ సమాధి రాళ్ళని మామూలుగా 10 రోజులు ఉంచుతారు. ఒక సర్వర్ అంతకంటే ఎక్కువ రోజులు పడిపోయి తిరిగి లేస్తే, డిలీట్ చేసిన డేటా మళ్ళీ బతికొస్తుంది. దాన్ని వాళ్ళు జాంబీ డేటా అనే పిలుస్తారు. నిజంగా.

మా తమ్ముడు డిలీట్ కొట్టగానే జరిగింది ఇదే. యాప్ తన పని తను కరెక్ట్‌గా చేసింది. అన్ని చోట్లా ఒకేలా ఉంచమన్నాం. ఒకేలా ఉంచింది. ఐదు కాపీలు ఉన్నాయని నేను అనుకున్నాను. నిజానికి ఉన్నది ఒకటే కాపీ. దానికి ఐదు కిటికీలు, అంతే. ఏ కిటికీ నుంచి చెయ్యి పెట్టి తీసేసినా లోపలున్న వస్తువు ఒకటే కదా.

ఇద్దరూ ఒకేసారి మారిస్తే

డిలీట్ ఒక సమస్య. రెండోది కాన్‌ఫ్లిక్ట్. ఇది కూడా మా ఇంట్లోనే జరిగింది, 2022లో.

మామ మండీ లెక్కలు నాయన చూస్తాడు. ఒక ఎక్సెల్ ఫైల్, సింక్ ఫోల్డర్‌లోనే. ఒక రోజు పొద్దున మార్కెట్‌లో వేలం నడుస్తోంది. మీరు మదనపల్లె మార్కెట్ సీజన్‌లో చూసుంటే తెలుస్తుంది, క్రేట్లు, లారీలు, వేల మంది జనం, అందరి చేతిలో ఫోన్. నెట్ ఆడదు. మామ ఆఫ్‌లైన్‌లోనే ఫోన్‌లో ఫైల్ తెరిచి, ఒక రైతు అడ్వాన్స్ 15,000 పట్టీలో పట్టుకున్నట్టు రాశాడు. అదే టైమ్‌లో నాయన పుంగనూరులో ఈ ల్యాప్‌టాప్ మీద అదే ఫైల్‌లో లారీ బాడుగలు ఎక్కించాడు. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి నాయన ఫైల్ ముందు సర్వర్‌కి చేరింది. మామ ఫైల్ తర్వాత చేరింది. యాప్ చూసింది, ఇద్దరూ పాత వెర్షన్ మీదే మార్చారు, ఎవరిది కరెక్టో నాకు తెలీదు అనుకుంది. నాయనది అసలు పేరుతో ఉంచి, మామది పక్కన "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" అనే పేరుతో పెట్టింది. ఆ పొడుగు పేరు ఎవరూ చూడలేదు.

నెల తర్వాత ఆ రైతు వచ్చాడు. లెక్కలో ఇంకా 15,000 బాకీ అని ఉంది. "పట్టీలో పట్టుకున్నారు గదన్నా, మళ్ళీ ఇయ్యమంటే ఎట్ల?" అన్నాడు ఆయన. "కంప్యూటర్ అబద్ధం చెప్తుందా?" అన్నాడు మామ. మాటా మాటా పెరిగింది. ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. మామ చేతి రాతే. మామ ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, తప్పు నాదే అని చెప్పుకున్నాడు.

ఆ కాగితం లేకపోతే? ఏళ్ళ తరబడి అదే మండీకి సరుకు తెచ్చే మనిషి దొంగ అయిపోయేవాడు. 15,000 కంటే అది పెద్ద నష్టం.

కాన్‌ఫ్లిక్ట్ వస్తే యాప్‌లు సాధారణంగా మూడు పనుల్లో ఒకటి చేస్తాయి. ఒకటి, మా యాప్ లాగా రెండు కాపీలూ ఉంచడం. డేటా పోదు, కానీ మనం చూసి కలపాలి. రెండు, చివర మార్చింది ఎవరో చూసి వాళ్ళది ఉంచి ఇంకొకరిది పారేయడం. ఇది డేంజర్. ఎందుకంటే "చివర" అనేది గడియారం చూసి తేల్చాలి, గడియారాలు తప్పు చెప్తాయి. పాత ల్యాప్‌టాప్‌లో లోపల ఉండే బిళ్ళ బ్యాటరీ అయిపోతే, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎప్పటిదో చూపిస్తుంది. అప్పుడు ఈ రోజు రాసింది కూడా పాతదైపోతుంది. లెస్లీ లాంపోర్ట్ అనే సైంటిస్ట్ 1978లోనే ఒక పేపర్ రాశాడు. వేరు వేరు కంప్యూటర్లలో ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి గోడ గడియారం అక్కర్లేదు, ప్రతి మార్పుకీ ఒక వరుస నంబర్ ఇచ్చుకుంటూ పోతే చాలు అని. మన రసీదు బుక్కులో నంబర్ ఉంటుంది చూడండి, ఆ పద్ధతే.

మూడోది, ఫైల్ మొత్తాన్ని కాకుండా ఒక్కో మార్పునీ విడిగా పంపడం. గూగుల్ డాక్స్, షీట్స్ ఇట్లాంటివే. మామ ఒక గడిలో రాశాడు, నాయన ఇంకో గడిలో రాశాడు, రెండూ కలుస్తాయి. ఇద్దరూ ఒకే గడిలో రాస్తే తప్ప గొడవ లేదు. కాబట్టి ఇంట్లో గానీ షాపులో గానీ ఇద్దరు ముగ్గురు కలిసి రాసే లెక్క ఉంటే, ఫైల్‌ని సింక్ ఫోల్డర్‌లో పెట్టకండి, ఇట్లాంటి ఆన్‌లైన్ షీట్ వాడండి. మేము ఇప్పుడు అదే చేస్తున్నాం. కాగితం పట్టీ మాత్రం మామ ఆపలేదు. ఆపొద్దని నేనే చెప్పాను.

రౌటర్ ఎందుకు పీకాను

సంవత్సరికం రాత్రికి వద్దాం. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి చూశాను, ఏమీ రాలేదు. మూడు నెలల్లో ఆ జాగాలో ఇంకేవో రాసేసి ఉంటాయి. నేను రికార్డ్ చేసిన పాత ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను. అర్ధరాత్రి దాకా కూర్చున్నాం. నాయన ఒక్క మాట కూడా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

పొద్దున లేచి బీరువా వైపు చూశాను. ఈ ల్యాప్‌టాప్ 2023 ఉగాది తర్వాత ఎవరూ ఆన్ చేయలేదు. అంటే దానికి డిలీట్ సంగతి తెలీదు. సమాధి రాయి చూడలేదు. దాని దృష్టిలో ఆ ఫోల్డర్ ఇంకా ఉంది. కానీ నెట్ తగిలిందంటే, సింక్ యాప్ దానంతట అదే లేచి సర్వర్‌ని అడుగుతుంది, సర్వర్ "అవ్వ ఫోల్డర్ తీసేయ్" అంటుంది, కొన్ని సెకన్లలో అదీ పోతుంది. అందుకే రౌటర్ పీకాను.

నెట్ లేకుండా ఆన్ చేశాను. ఫోల్డర్ ఉంది. ముందు ఏదీ ప్లే చేయలేదు. పెన్ డ్రైవ్ పెట్టి కాపీ చేశాను. దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాక, అప్పుడు వినిపించాను.

43లో 38 దొరికాయి. చివరి ఐదు 2023 ఎండాకాలంలో రికార్డ్ చేసినవి, అప్పటికే ఈ ల్యాప్‌టాప్ బీరువా ఎక్కేసింది. అవి లేవు. అందులో ఒకటి నాయన పుట్టినప్పటి సంగతి. అది ఇంక రాదు.

పెద్దోళ్ళకీ జరిగింది

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోకండి. టాయ్ స్టోరీ 2 సినిమా చూసుంటారు, 1999లో వచ్చింది. 1998లో పిక్సార్ స్టూడియోలో సర్వర్ మీద ఎవరో పొరపాటున డిలీట్ కమాండ్ కొట్టారు. స్క్రీన్ మీద బొమ్మలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. బ్యాకప్ చూస్తే, అది సరిగ్గా పని చేయడం లేదని అప్పుడు తెలిసింది. గేలిన్ సస్‌మన్ అనే టెక్నికల్ డైరెక్టర్ అప్పుడే బిడ్డ పుట్టి ఇంటి నుంచి పని చేస్తోంది, ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఒక కాపీ ఉంది. కారులో పోయి, ఆ కంప్యూటర్‌ని దుప్పట్లు చుట్టి తెచ్చుకున్నారు. మా బీరువా మీది ల్యాప్‌టాప్ లాంటిదే అది కూడా. ఆఫీస్ సర్వర్‌కి దూరంగా ఉంది కాబట్టే మిగిలింది.

మన దగ్గర కూడా చూశాం. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. ఆ కేసు, రాజకీయం మన ఛానెల్ పని కాదు. కానీ ఆ వార్త వచ్చిన రోజు మా చుట్టుపక్కల చాలామంది ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి, పాస్‌బుక్, దస్తావేజులు ఉన్నాయో లేవో చూసుకున్నారు. అందరి మనసులో ఒకటే ప్రశ్న: "నా కాగితం ఇంకో చోట ఉందా?" మన ఫోన్ గురించి కూడా అడగాల్సింది ఆ ప్రశ్నే.

మరి ఏం చేయాలి

సింక్ వద్దు అని నేను చెప్పను. సింక్ చాలా మంచిది. ఫోన్ పగిలిపోయినా, దొంగ ఎత్తుకుపోయినా కాపాడుతుంది. కానీ మన తప్పు నుంచి మనల్ని కాపాడదు. మన తప్పుని కూడా అన్ని చోట్లకీ చేరుస్తుంది. దానికి బ్యాకప్ కావాలి. సింక్ అంటే ఇప్పుడు ఉన్నది అన్ని చోట్లా ఒకేలా ఉంచడం. బ్యాకప్ అంటే అప్పుడు ఉన్నది కదపకుండా ఒక పక్కన ఉంచడం. రెండూ వేరు వేరు పనులు. ఒకటి ఉంటే ఇంకోటి ఉన్నట్టు కాదు.

ఫోన్‌లో ఇప్పుడే చూసుకోవాల్సినవి చెప్తా.

ఒకటి, గూగుల్ ఫోటోస్‌లో "ఫ్రీ అప్ స్పేస్" వేరు, "డిలీట్" వేరు. ఫ్రీ అప్ స్పేస్ కొడితే బ్యాకప్ అయిన ఫోటోలు ఫోన్ నుంచి మాత్రమే పోతాయి, క్లౌడ్‌లో ఉంటాయి. మామూలు డిలీట్ కొడితే క్లౌడ్‌లో కూడా పోతాయి. జాగా కావాలంటే మొదటిది వాడండి.

రెండు, చెత్తబుట్ట గడువు తెలుసుకోండి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోలకి 60 రోజులు, గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు. ఆ తర్వాత ఎంత ఏడ్చినా రావు. ఏదైనా కనిపించకపోతే "తర్వాత చూద్దాంలే" అనకండి, ఆ రోజే చెత్తబుట్ట తెరవండి.

మూడు, వాట్సాప్‌లో కంప్యూటర్‌కి లింక్ చేయడం బ్యాకప్ కాదు. మీ మెయిన్ ఫోన్ 14 రోజులు వాడకపోతే లింక్ చేసిన డివైస్‌లు లాగౌట్ అవుతాయి. చాట్ బ్యాకప్ విడిగా ఆన్ చేసుకోవాలి. అది కూడా కొత్తది వస్తే పాతదాని మీదే రాసుకుంటుంది. కాబట్టి ముఖ్యమైన వాయిస్ మెసేజ్ ఉంటే, ఎక్స్‌పోర్ట్ చేసి బయట దాచుకోండి.

నాలుగు, కాలేజీ మెయిల్‌తో ఉన్న డ్రైవ్‌లో సొంత ఫోటోలు పెట్టుకున్నవాళ్ళు, చదువు అయిపోయే లోపు తీసుకోండి. ఆ అకౌంట్ మీది కాదు, కాలేజీది. సొంత గూగుల్ అకౌంట్ అయినా రెండేళ్ళు అసలు వాడకపోతే తీసేసే రూల్ ఉంది. అమ్మా నాన్నల పాత అకౌంట్లు ఒకసారి తెరిచి చూడండి.

ఐదు, 3-2-1 రూల్. పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫర్ దీన్ని పాపులర్ చేశాడు. 3 కాపీలు, 2 రకాల చోట్ల, అందులో 1 ఇంటి బయట. మా ఇంట్లో ఇప్పుడు ఎట్లా ఉందంటే, రోజువారీ సింక్ మా ఫోన్లు, మదనపల్లె మండీ కంప్యూటర్ మధ్య నడుస్తుంది. పుంగనూరు ఇంట్లో ఒక హార్డ్ డిస్క్ ఉంది. నెలకి ఒక ఆదివారం మాత్రమే దాన్ని తగిలించి, కాపీ చేసి, మళ్ళీ తీసి బీరువాలో పెడతాం. తీసి పెట్టడమే ముఖ్యం. ఎప్పుడూ తగిలించి ఉంటే అది కూడా ఇంకో కిటికీ అయిపోతుంది. ఇంకో హార్డ్ డిస్క్ కుప్పంలో తమ్ముడి ట్రంకులో ఉంటుంది. పండగకి వచ్చినప్పుడల్లా తెచ్చి కొత్తవి ఎక్కించుకుని పోతాడు. పలమనేరు, వి.కోట మీదుగా బస్‌లో పోయే బ్యాకప్ అది. స్లోనే, కానీ ఏ డిలీట్ బటన్ కూడా దాన్ని అందుకోలేదు. అది తన దగ్గర పెట్టుకుంటానని వాడే అడిగాడు.

ఆరు, బాగా ముఖ్యమైనవి ప్రింట్ తీయండి. 2002లో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని ఒక ప్రాజెక్ట్ పెట్టింది. అందులో కొందరు ఆడవాళ్ళకి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, సోలార్ ఛార్జింగ్ ఇచ్చి ఊళ్ళలో ఫోటోగ్రాఫర్లుగా తయారు చేశారు. ఫోటో తీసి అక్కడే ప్రింట్ చేతికిచ్చేవాళ్ళు. గోడ మీద ఫోటోకి సింక్ లేదు, కాబట్టి తమ్ముడి ల్యాప్‌టాప్‌లో జాగా అయిపోయినా అది అక్కడే ఉంటుంది.

ఆఖరిది, ఎప్పుడైనా సింక్ ఫోల్డర్‌లో ఏదైనా మాయమైతే, కంగారులో అన్ని డివైస్‌లూ తెరిచి చూడొద్దు. నేను ఆ రాత్రి చేసిన తప్పు అదే. ముందు నెట్ ఆపండి. ఆఫ్‌లో ఉన్న డివైస్ ఏదైనా ఉందా ఆలోచించండి. దాన్ని నెట్ లేకుండా ఆన్ చేసి, ముందు కాపీ తీయండి.

సరే ఫ్రెండ్స్, ఈ వారం మీకు పని ఒకటే. మీ ఇంట్లో పెద్దవాళ్ళ గొంతు ఉన్న రికార్డింగ్ ఏదైనా ఒకటి వెతకండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ అయినా సరే. అది ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి. కిటికీలు కాదు, కాపీలు. ఒకటే ఉంటే, ఈ రోజు రాత్రి పడుకునే లోపు రెండు చేయండి. లేకపోతే ఇప్పుడే పోయి పక్కన కూర్చుని ఒకటి రికార్డ్ చేయండి.

నేను కూడా చేస్తున్నా. ఆ పోయిన ఐదింటిలో నాయన పుట్టినప్పటి సంగతి ఉంది కదా, అవ్వ చెప్పింది నాయనకి గుర్తున్నంత వరకు ఆయన చేతే చెప్పించి రికార్డ్ చేస్తున్నా. "మా అమ్మ చెప్పినట్టు నాకేడ వస్తుంది రా" అంటాడు. అయినా చెప్తున్నాడు. అందులో మొదటిది మూడు ఊళ్ళలో మూడు కాపీలు అయింది.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.